నాయిన చీటీలు, పసుపు అట్ట పుస్తకాలు

మా ఇంట్లో ఆ అమెరికా పత్రికను ఎవరూ నేషనల్ జియోగ్రాఫిక్ అనేవాళ్లు కాదు. నానమ్మకు అది ‘పసుపు బుక్కు’. అమ్మకు ‘ఆ బరువు పుస్తకాలు’. అన్నకూ నాకూ ఉత్త ‘జాగ్రఫీ’. పేరు పూర్తిగా పలికేది నాయిన ఒక్కడే. అదీ ‘నేషనల్’ దగ్గర కొంచెం ఆగి, క్లాసులో పాఠం పేరు చెప్పినట్టు చెప్పేవాడు.

నాయిన భువనగిరిలో సోషల్ టీచరు. జీతం పడ్డాక వచ్చే మొదటి ఆదివారం పొద్దున్నే ప్యాసింజర్ రైలెక్కి సికింద్రాబాద్ పోయేవాడు, అక్కడి నుంచి సిటీ బస్సులో ఆబిడ్స్. ఆదివారం షాపులు బంద్ ఉంటాయి కదా, వాటి షట్టర్ల ముందు ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలు పరిచేవాళ్లు. నన్ను మొదటిసారి తీసుకుపోయినప్పుడు నాకు పదేళ్లు. అంటే 1986. ప్లాస్టిక్ పట్టాల మీద ఇంజనీరింగ్ పుస్తకాలు, చిరిగిన డిటెక్టివ్ నవలలు, స్వెటర్లు అల్లే పుస్తకాలు, వాటి మధ్యలో అక్కడక్కడా పసుపు గీతలు. నాయిన గొంతుక్కూర్చుని ఆ పసుపు గీతల మీదే వేలు నడిపేవాడు. సైడు పట్టీ మీద నెల, సంవత్సరం, లోపలున్న వ్యాసాల పేర్లు అచ్చు వేసి ఉండేవి. పుస్తకం తెరవకుండానే ఏది కావాలో తేల్చుకోవచ్చు.

బేరంలో ఆయనకొక పద్ధతి ఉండేది. కావలసింది ముందు అడగడు. పక్కనున్న రీడర్స్ డైజెస్ట్ తీసి, తిప్పి, పెట్టేసి, లేవబోయే ముందు మోకాళ్ల మీద చేతులు ఆన్చి “యే పీలావాలా కిత్నే కా?” అనేవాడు. “లేలో సాబ్, దస్ రూపాయ్. ఫారిన్ కాగజ్ హై, హాత్ లగాకే దేఖో.” “దస్ మే దో దేదో,” పదికి రెండు ఇమ్మని నాయిన. చివరికి ఐదుకో ఆరుకో వచ్చేది. ఆ సేటుకు నాయిన నాటకం మొత్తం తెలుసని నాకు మూడోసారికే అర్థమైంది. నాయినకు మాత్రం ఎన్నడూ అర్థం కాలేదు.

‘ఫారిన్ కాగజ్’ అన్నది అబద్ధం కాదు. తెల్ల బంకమట్టి పూత పూసిన కాయితం అది. అందుకే ఫొటోలు అంత నున్నగా మెరిసేవి, అందుకే అంత బరువు. నాలుగు సంచికలు గుడ్డ సంచిలో వేస్తే రైలు దిగేసరికి చెయ్యి గుంజేది. ఇవి ఎవరూ పారేయరని, ఇట్లా దాస్తూ పోతే ఆ బరువుకు అమెరికా ఖండమే కుంగిపోతుందని 1970లలో అక్కడి హాస్య పత్రిక ఒకటి లెక్కలు గట్టి మరీ వేళాకోళం చేసిందట. ఈ సంగతి నేను పెద్దయ్యాక చదివాను. అమ్మ ఏ లెక్కా లేకుండానే అదే మాట మేము అవి దాచిన సజ్జ గురించి అనేది.

కొన్ని సంచికల మీద అమెరికా చందాదారుల చిరునామా చీటీలు ఇంకా అతుక్కుని ఉండేవి. ఒకటి ఒహాయో రాష్ట్రం నుంచి వచ్చింది. అది అక్కడి నుంచి ఆబిడ్స్ ఫుట్‌పాత్ దాకా ఎట్లా వచ్చిందో సేటుకే తెలియదు. అన్న ఆ చిరునామాకు నీలం ఎయిరోగ్రాము రాశాడు, మీ పుస్తకం మా దగ్గర భద్రంగా ఉందని. జవాబు రాలేదు. “పుస్తకమే అమ్ముకున్నామె ఉత్తరమేం రాస్తది రా” అన్నాడు నాయిన.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా ఇంట్లో ఇంగ్లిష్ చదవగలిగింది నాయిన ఒక్కడే, ఆయనకూ అది నడక కాదు, ఈత. ఒక్కో వ్యాసం వారం పట్టేది. మరి మిగిలిన నలుగురం ఏం చేయాలి? అందుకని చీటీలు రాయడం మొదలుపెట్టాడు. పరీక్షల అడిషనల్ షీట్లలో మిగిలిన తెల్ల కాయితాన్ని రెండు వేళ్ల వెడల్పున కత్తిరించి, ప్రతి పెద్ద ఫొటో కింద ఏముందో పెన్సిల్‌తో తెలుగులో రాసి, ఆ పేజీలో పెట్టేవాడు. అతికించేవాడు కాదు, జిగురు తగిలితే నున్నటి కాయితం పాడవుతుందని. మాట్లాడేటప్పుడు ‘గిట్ల, గట్ల’ అనే మనిషి చీటీల్లో మాత్రం ఎక్కడా యాస రానిచ్చేవాడు కాదు. “పెరూ దేశమున పర్వతశిఖరముపై గల ప్రాచీన నగరము. పేరు మాచు పిచ్చు. (నవ్వకండి.)” ఇట్లా ఉండేవి.

ఆ బ్రాకెట్లే మాకు ఇష్టం. పత్రికవాళ్లు చెప్పింది పైన రాసేవాడు, తను చెప్పదలచింది బ్రాకెట్లో. ఆఫ్రికాలో చింపాంజీల మధ్య ఏళ్ల తరబడి గడిపిన జేన్ గుడాల్ ఫొటో దగ్గర “పుల్లతో చెదపురుగులను తీసి తినునని ఈమె కనిపెట్టెను. (చింపాంజీ తినును. ఈమె కాదు.)” అని ఉండేది.

నాకు బాగా గుర్తున్న ఫొటో దర్జీది. 1984 డిసెంబరు సంచిక, రుతుపవనాల గురించి. స్టీవ్ మెకర్రీ తీసినవి ఆ ఫొటోలు. గుజరాత్‌లో పోర్‌బందర్, మెడ లోతు వరద నీళ్లు, తెల్ల గడ్డం పెద్దాయన భుజం మీద కుట్టు మిషన్ పెట్టుకుని నడుస్తున్నాడు. నవ్వుతున్నాడు! మా గల్లీ మూల మీద టైలర్ మామ షాపు ఉండేది. అన్న పుస్తకం పట్టుకుపోయి చూపించాడు. మామ నవ్వును చూడలేదు, నీళ్లను చూడలేదు. మెడలో టేపు సర్దుకుని, పుస్తకాన్ని గుండీల డబ్బా మీద ఆనించి, ఫొటో మీదికి వంగి మిషన్ను చూశాడు. “తుప్పు పట్టింది బిడ్డా. ఆయిల్ పోసినా గిది తిరగది ఇగ” అన్నాడు. తర్వాత ఇంకొంచెంసేపు చూసి, “నేనైతే టేబులు గూడ తెచ్చుకుంటుంటి” అన్నాడు. ఆ ఫొటో చూసి మిషన్ కంపెనీవాళ్లు ఆ పెద్దాయనకు కొత్త మిషన్ ఇచ్చారని ఫొటో తీసినాయనే చెప్పాడు. అది మామకు చెప్దామనుకునేలోపు ఆయన షాపు ఖాళీ చేసి కొడుకు దగ్గరికి వెళ్లిపోయాడు.

చీటీలన్నీ ఒప్పులే అనుకోవద్దు. ప్రెయిరీ డాగ్ అన్న జంతువు బొమ్మ కింద నాయిన “మైదానపు కుక్కలు” అని రాశాడు. నానమ్మ ఆ బొమ్మను దీపం దగ్గరికి జరుపుకుని చూసి, “గిది కుక్కెట్లైతది రా? ఉడత గద” అంది. నాయిన డిక్షనరీ తీశాడు. డిక్షనరీలో డాగ్ అంటే కుక్కే. నానమ్మ ఒప్పుకోలేదు. నానమ్మదే నిజం, అది ఉడతల జాతిదే. చీటీ మీద ‘కుక్కలు’ కొట్టేసి ‘ఉడతలు’ అని దిద్ది, పక్కన తేదీ వేసి పొట్టి సంతకం పెట్టాడు. మార్కులు మార్చినప్పుడు టీచర్లు అట్లాగే చేస్తారు.

మ్యాపుల సంగతి వేరు. కొన్ని సంచికల్లో మడతపెట్టిన పెద్ద మ్యాపు దొరికేది, విప్పితే మంచం నిండా పరుచుకునేది. ఇండియా ఉన్న మ్యాపయితే దాని మీద ఊదా రంగు ముద్ర ఒకటి కొట్టి ఉండేది, ఇందులో చూపిన భారతదేశపు సరిహద్దులు సరైనవి కావని. కశ్మీర్ గీతలు మన ప్రభుత్వం లెక్క ప్రకారం లేకపోతే అట్లా ముద్ర వేసేవాళ్లు. నాకదేం తెలుసు? తప్పు అని రాసి ఉంది, ఇంట్లో సోషల్ టీచరు ఉన్నాడు. “నాయినా, అమెరికోళ్ల పేపరు గూడ నువ్వే దిద్దినవా?” అని అడిగాను. ఆ మాట ఆయన స్టాఫ్ రూములో చెప్పుకుని చెప్పుకుని అరగదీశాడు.

ఆ పత్రిక పుట్టుక గురించి కూడా ఆయన కథలా చెప్పేవాడు. 1888 జనవరిలో వాషింగ్టన్‌లో 33 మంది కూడి నేషనల్ జియోగ్రాఫిక్ సొసైటీ పెట్టారు. అదే ఏడాది అక్టోబరులో మొదటి సంచిక వచ్చింది, ఒక్క ఫొటో కూడా లేకుండా. సొసైటీకి మొదటి అధ్యక్షుడు హబ్బర్డ్. ఆయన తర్వాత ఆయన అల్లుడు, టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్. బెల్ 1899లో గ్రోవ్‌నర్ అనే కుర్రాణ్ని పనిలో పెట్టుకున్నాడు, మరుసటేడు ఆ కుర్రాడు బెల్‌కే అల్లుడయ్యాడు. “ఇల్లరికం పత్రిక” అని తేల్చేసింది నానమ్మ. 1905 జనవరి సంచికకు 11 పేజీలు తక్కువపడ్డాయి. సరిగ్గా అప్పుడే టిబెట్‌లోని లాసా నగరం ఫొటోలు రష్యా నుంచి ఒక కవరులో వచ్చాయి. గ్రోవ్‌నర్ ఆ పేజీల నిండా అవే వేసేశాడు. పెద్దమనుషుల పత్రికలో ఇన్ని బొమ్మలా అని ఉద్యోగం పీకేస్తారేమోనని టెన్షన్ పడ్డాడు. తీరా చూస్తే, దారిలో కలిసిన సభ్యులు చెయ్యి కలిపి మెచ్చుకున్నారు. పసుపు అంచు ఆ తర్వాత 1910లో వచ్చింది. జీతం పోతుందని భయపడే ఉద్యోగి కథ కాబట్టి నాయినకు ఈ లాసా భాగం మీద ప్రత్యేకమైన ప్రేమ.

ఆ పసుపు అంచు మాకు పెద్ద ఆట అయింది. వేసవి సెలవుల్లో అన్న పసుపు చార్టు కాయితం కొని, మధ్యలో కత్తిరించి, అచ్చం పుస్తకం అట్ట సైజులో చట్రం చేశాడు. దాన్ని ఒకరు పట్టుకోవాలి, ఇంకొకరు దూరంగా నిలబడి చూడాలి. చట్రంలోంచి చూస్తే మా బర్రె కూడా ఫారిన్ బర్రెలా ఉండేది. అమ్మ జొన్నరొట్టె తడుతున్న చెయ్యి, వాకిట్లో ఎండబోసిన మిరపకాయలు, తాళ్ల మోకు భుజానేసుకుని సైకిల్ తొక్కుకుంటూ పోయే గౌడ్ మామ, ఎవరినీ వదల్లేదు. మా భువనగిరి గుట్ట ఉంది చూశారూ, ఊరి నెత్తి మీద బోర్లించినట్టు ఒకే బండ, దాని మీద కోట. చాళుక్య త్రిభువనమల్లుడి పేరు మీదే ఊరికి ఆ పేరు వచ్చిందని చెబుతారు. చట్రంలో దాన్ని పట్టించడానికి చాలా కష్టపడ్డాం. ఎంత దూరం పోయినా ఒక అంచు బయటికి వచ్చేది.

అట్లాగే ఒక మధ్యాహ్నం అరుగు మీద ఆకు నములుతూ కూర్చున్న నానమ్మ ముఖం ముందు ఆ చట్రం పెట్టాం. ఆమె ఒక్క క్షణం దాని లోంచి మమ్మల్ని చూసింది. “ఏందే, అప్పుడే పటం గడుతున్నరా? ఇంకా బతికే ఉన్న గద!” అని ఆకు రసం ఊసి చట్రాన్ని చేత్తో తోసేసింది. పటం కట్టేది పోయినవాళ్లకే కదా మరి. అమ్మ లోపలి నుంచి వచ్చి మా ఇద్దరి వీపులూ వాయించింది. చట్రం మీద చిన్న ఎర్ర మరక మిగిలింది. నానమ్మ 1992లో పోయింది. పటానికి ఫొటో కావాల్సి వస్తే ఇంట్లో ఒక్కటీ లేదు. ఎవరిదో పెళ్లి గ్రూపు ఫొటోలో వెనక వరసలో సగం దొరికిన ముఖాన్ని స్టూడియోలో పెద్దది చేయించారు. అందులో ఆమె ఎవరో తెలియని మనిషిలా ఉంటుంది.

నానమ్మ సంగతి వచ్చింది కాబట్టి అట్ట మీద అఫ్గాన్ అమ్మాయి గురించి కూడా చెప్పాలి. 1985 జూన్ సంచిక. ఆ ఆకుపచ్చ కళ్లు ఎవరికి తెలియవు? నేను దాన్ని నా పుస్తకాల అర మీద నిలబెట్టుకున్నాను. పెషావర్ దగ్గర శరణార్థుల శిబిరంలో, గుడారంలో నడిచే బడిలో తీసిన ఫొటో అది, దర్జీని తీసిన ఆ మెకర్రీయే తీశాడు. లోకమంతా చూసింది గానీ ఆమె పేరు మాత్రం ఎవరూ రాసుకోలేదు. 2002లో వెతికి పట్టుకునేదాకా, పేరు షర్బత్ గులా అని పత్రికకే తెలియదు, తన ఫొటో ఇంత ప్రసిద్ధమని ఆమెకూ తెలియదు. అప్పటికి 17 ఏళ్లు గడిచాయి. ఆ వార్త చదివిన రోజు నాకు ఆ పత్రిక మీద మొదటిసారి కోపం వచ్చింది. ఎదుటివాళ్ల ముఖాన్ని అట్ట మీద వేసుకుని, పేరు అడగకపోవడం ఏమిటి? మా నాయిన కూడా చీటీ మీద “అఫ్గాన్ బాలిక” అనే రాశాడు, పాపం ఆయనకు ఉన్నది అంతే. కాకపోతే కింద బ్రాకెట్లో “పేరు ఇవ్వలేదు” అని రాశాడు. అది ఫిర్యాదో, సమాచారమో నేను అడగలేదు.

2018 ఏప్రిల్‌లో ఆ పత్రికే ఒక సంచికలో ఒప్పుకుంది, దశాబ్దాల పాటు నల్లవాళ్లనూ మనలాంటి దేశాలవాళ్లనూ వింత జనాల్లాగా, జాత్యహంకారంతో చూపించామని. 1982 ఫిబ్రవరి అట్ట కోసం గీజా పిరమిడ్లను దగ్గరికి జరిపిన సంగతి అంతకు ముందే బయటపడింది. నిలువు అట్టలో అడ్డం ఫొటో ఇమడలేదట. మేము గుట్టను పట్టించలేక తిప్పలు పడ్డప్పుడు మాకు ఈ ఉపాయం తట్టలేదు.

కోపం ఉన్నా, నిజం చెప్పాలి కదా. వ్యాసం మధ్యలో అడ్వర్టైజ్‌మెంట్ పెట్టని పత్రికను నేను అంతకుముందు చూడలేదు. ఉంటే ముందో వెనకో ఉండేవి. సముద్రం అడుగున దాదాపు 3,800 మీటర్ల లోతులో టైటానిక్ దొరికిన కథ 1985 డిసెంబరు సంచికలో చదువుతుంటే మధ్యలో ఎవరూ సబ్బు అమ్మలేదు. నూరేళ్ల సంచిక, 1988 డిసెంబరుది, అట్ట మొత్తం హోలోగ్రామే. అటూ ఇటూ వంచితే గాజు భూగోళం పగిలిపోయేది. ఆబిడ్స్‌కు అది రెండేళ్లు ఆలస్యంగా వచ్చింది. సేటు దాన్ని పట్టా మీద పెట్టలేదు, స్టూలు కింద దాచి యాభై అన్నాడు. నాయిన నాటకం పనిచేయలేదు. వెనక అట్ట మీద కూడా హోలోగ్రామే, అది మాత్రం అమెరికా బన్నుల కంపెనీది. “ముందర భూమి, వెనక బన్ను” అని రైలంతా దాన్ని ఇటూ అటూ తిప్పుతూనే వచ్చాడు నాయిన.

సజ్జ కూలలేదు. కారింది. వెనక గది పైకప్పు రేకులది. వానలు మొదలయ్యేలోపు కట్టలు దించి ముందు గదిలో పెట్టమని నాయిన నాకు చెప్పాడు. నాకు డిగ్రీ పరీక్షలు, మరిచిపోయాను. పరీక్షలు అయ్యాక కూడా గుర్తు రాలేదు, అది చెప్పకపోతే తప్పు. వారం రోజుల ముసురు తర్వాత చూస్తే రెండు కట్టలు తడిసి ముద్ద. మామూలు కాయితమైతే ఆరబెట్టుకోవచ్చు. ఈ మట్టి పూత కాయితం తడిసి ఆరితే పేజీకి పేజీ అతుక్కుని ఇటుక అయిపోతుంది. గోరు పెట్టి లేపితే బొమ్మ చర్మంలా ఊడి అవతలి పేజీకి అంటుకునేది. సుమారు ముప్ఫై సంచికలు పోయాయి. టైటానిక్‌ది కూడా. “రెండోసారి మునిగింది” అన్నాడు అన్న, నన్ను నవ్వించాలని. నాయిన ఏమీ అనలేదు. అరుగు మీద కూర్చుని ఒక్కో ఇటుక అంచుల్లోంచి తన చీటీలు లాగడం మొదలుపెట్టాడు. పరీక్ష కాయితానికి ఆ పూత లేదు కాబట్టి జాగ్రత్తగా లాగితే వచ్చేవి. పెన్సిల్ రాత నీళ్లకు చెదరదు. ఒక్క అక్షరం పోలేదు. వాటిని పాత బిస్కెట్ల డబ్బాలో వేసి మూత పెట్టాడు.

నాయిన 2009లో పోయాడు. ఆ పత్రిక చేతులు మారి మారి 2019లో డిస్నీ కిందికి వెళ్లింది, 2023లో మిగిలిన సొంత రచయితలను కూడా తీసేశారు. అమెరికాలో ఇప్పుడు బడ్డీ కొట్లలో దొరకదు, చందా కడితేనే. అన్న న్యూజెర్సీలో ఉంటాడు. పోయిన ఎండాకాలం ఫోన్ చేసి, “చెల్లే, ఇక్కడ ఒకాయన ఇల్లు ఖాళీ చేస్తూ నలభై ఏళ్ల జాగ్రఫీలు రోడ్డు మీద పెట్టిండు. ఉత్తగనే. ఎవడూ తీస్కపోతలేడు” అన్నాడు. రెండు ట్రిప్పులు కారేసి తెచ్చుకున్నాడు. ఇప్పుడు వాళ్ల గ్యారేజీ సంగతి మా వదిన అమ్మలాగే మాట్లాడుతోంది.

డబ్బా నా దగ్గరే ఉంది. మేమిద్దరం వాట్సాప్‌లో ఒక పని పెట్టుకున్నాం. నేను ఒక చీటీ ఫొటో పంపుతాను, అన్న తన దగ్గరున్న సంచికల్లో ఆ బొమ్మ వెతికి పంపుతాడు. రాతను బట్టి చాలావరకు దొరుకుతున్నాయి. దర్జీ అయితే ఐదు నిమిషాల్లో దొరికాడు. ఒక్కటి మాత్రం నాలుగు నెలలుగా తేలడం లేదు. చీటీ మీద పైన దేశం పేరు లేదు, జంతువు పేరు లేదు. ఉన్నది ఒక్క బ్రాకెట్టే: “(ఇది పంది కాదు. అమ్మకు చెప్పండి.)”

అన్న మొదట టేపిర్ అనే జంతువు బొమ్మ పంపాడు. తర్వాత కాపీబారా. పోయిన వారం ఆర్డ్‌వార్క్. చీటీలో ‘అమ్మ’ అంటే నాయినకు అమ్మ, కాబట్టి నేను వాటిని నానమ్మ కళ్లతో చూడటానికి ప్రయత్నిస్తున్నాను. కాపీబారాను ఆమె కచ్చితంగా పెద్ద ఎలుక అనేది. ఆర్డ్‌వార్క్ అయితే కావచ్చు, చెవులు గాడిదవి గానీ మూతి పందిదే. నిన్న రాత్రి ఇంకో రెండు ఫొటోలు వచ్చాయి, ఇంకా తెరవలేదు.